నిలకడ లేని ఇంజను

నిన్న సాయంత్రం ఇంటికి వస్తూ పుదుచ్చేరిలో మా సారం పేట దగ్గర సిగ్నల్‌లో ఆగాను. ఉక్కగా ఉందని కారు అద్దం కొంచెం దించి పెట్టుకున్నాను. పక్కన ఒక పాత తెల్లకారు వచ్చి నిలబడింది. దాని ఇంజను ఊ అని లేస్తుంది, ఆరిపోతుందేమో అన్నట్టు అడుగుకు దిగిపోతుంది, మళ్ళీ ఉలిక్కిపడ్డట్టు లేస్తుంది. నడిపే పెద్దాయన యాక్సిలరేటర్ తొక్కడం లేదు, ఫోన్ చూసుకుంటున్నాడు. పచ్చలైటు పడగానే ఆయన వెళ్ళిపోయాడు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా నాకు కాసేపు కాలు ఆడలేదు. బతుకంతా ఇంజన్ల మధ్యే గడిపినదాన్ని, అయినా ఆ ఒక్క శబ్దం వింటే నాకు ఇప్పటికీ ఇలాగే అవుతుంది. వెంటనే వరదరాజులు మామ గుర్తొస్తారు.

ఆయన మాకు చుట్టం కాదు. సారంలో మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. మా కుటుంబమూ వాళ్ళ కుటుంబమూ తాతల నాడే పుదుచ్చేరి చేరిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మామకు తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. తట్టాంచావడి పారిశ్రామికవాడలో, ఒకపక్క ప్లాస్టిక్ బిందెల ఫ్యాక్టరీ, ఇంకోపక్క లేతు పట్టర, అంటే లేతు మిషన్ల వర్క్‌షాపు, నడుమ ఆయన కార్లు బాగుచేసే రేకుల షెడ్డు. నేను ఆటోమొబైల్ డిప్లొమా చేసి, పెద్ద షోరూముల చుట్టూ తిరిగి, ఆడపిల్లవి కదా కౌంటర్లో కూర్చో అన్న మాట విని విని విసిగిపోయి ఉన్నాను. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. మామ నా మార్కులు అడగలేదు. గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఒకే ప్రశ్న వేశారు.

"నీకు భయం ఉండాదా, పాపా?"

ఇంటర్వ్యూల్లో అలవాటైన జవాబే చెప్పాను. "లేదు మామా."

"అట్టయితే కష్టమే. భయం లేనోళ్ళు బండి సీక్రంగా, సరిగా చూడకనే ఇచ్చేస్తారు."

ఆ రాత్రి అమ్మ నన్ను తిట్టింది. మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి, "ఉంది మామా, చాలా ఉంది," అన్నాను. ఆయన నవ్వలేదు. బోనెట్ ఎత్తి ఉన్న కారు వైపు చెయ్యి చూపించి, "అయితే రా" అన్నారు.

నిజానికి ఆయనంత భయస్తుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. బండి బాగయ్యాక కూడా తాళాలు గబుక్కున చేతిలో పెట్టేవారు కాదు. బోల్టులన్నీ మళ్ళీ పట్టి చూసేవారు. సైలెన్సర్ మూతి దగ్గర కాగితం ముక్క పట్టుకుని, పొగ దాన్ని ఒకే తీరున తోస్తోందా, నడుమ నడుమ లోపలికి లాగుతోందా అని వంగి చూసేవారు. బండి తీసుకుని వెళ్ళినవాళ్ళు ఇంటికి చేరి ఉంటారో లేదో అని ఫోన్ చేయించేవారు. షెడ్డులో మిగతా ఇద్దరు మెకానిక్కులూ దీనికి చాటుగా నవ్వుకునేవారు. నాకు నవ్వు రాలేదు. ఆయన పక్కన పనిచేస్తే నా గుండె కూడా వేగంగా కొట్టుకునేది, కానీ చెయ్యి మాత్రం నిదానించేది. ఎలాగో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

పనిలో చేరిన కొన్నాళ్ళకే ఆయన నన్నొక ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. ఇంజను స్టార్ట్ చేయించి, తను పక్కకు జరిగి, "సత్తం ఎట్టుండాది, పాపా?" అనేవారు. అక్కడి తెలుగులో శబ్దాన్ని సత్తం అనే అంటాం. నేను విని చెప్పాలి. బాగుంది, బాగోలేదు అంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుండాది అంటే ఏంది? యాడ నుంచి వస్తా ఉండాది? వేడెక్కినాక మారిందా?" అని గుచ్చి గుచ్చి అడిగేవారు. నేను కళ్ళు మూసుకుని, ఎడమవైపు చిన్న టిక్కుటిక్కు ఉందనో, బెల్టు దగ్గర సన్నగా కీచుమంటోందనో చెబితే, తల ఊపి చెయ్యి అక్కడ పెట్టేవారు. నాకు పరీక్ష పెడుతున్నారనే అనుకున్నాను. గురువంటే ఇలాగే ఉంటారని మా అమ్మతో గొప్పగా చెప్పుకున్నాను.

ఆ ఏడు ఎండాకాలంలోనే శాంతి కారు మా షెడ్డుకు వచ్చింది. శాంతి వాళ్ళకు బజారులో స్టీలు పాత్రల కొట్టు ఉంది. వాళ్ళమ్మకు కిడ్నీలు పనిచేయవు. వారంలో కొన్ని రోజులు రక్తం శుద్ధి చేయించడానికి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, నడిపేది శాంతే. సిగ్నల్లో నిలబడితే ఇంజను ఎగిరెగిరి పడుతోందనీ, రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయిందనీ చెబుతూ ఆ పిల్ల కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

"అమ్మ వెనక సీట్లో పడుకోని ఉంటాది అక్కా. వెనక లారీలోడు హారన్ కొడితే ఆమె గుండె యాడికో పోతాది. నాకైతే చేతులే ఆడవు. ఎట్టన్నా బాగుచెయ్యండి."

నేనూ మామా ఆ ఉదయమంతా దానిమీదే కూర్చున్నాం. కంప్యూటర్ తగిలిస్తే తప్పేమీ చూపించలేదు. ఇంజనుకు గాలి వెళ్ళే దారి విప్పితే నల్లగా మసి పట్టి ఉంది, శుభ్రంగా కడిగాను. ఐడ్లింగ్, అంటే బండి నిలబడ్డప్పుడు ఇంజను తిరిగే తీరు, సరిచేసే వాల్వు తీసి తుడిచాను. ప్లగ్గులు కొత్తవి వేశాం. స్టార్ట్ చేస్తే ఇంజను పట్టు జారినట్టు ఒక్కసారి కూడా తూలలేదు, మీటరు ముల్లు కదలకుండా నిలబడింది. "సత్తం ఎట్టుండాది?" అన్నారు. నిలకడగా ఉందని చెప్పాను. నాకు చాలా సంతోషమైంది. శాంతికి ఫోన్ చేద్దామన్నాను. మామ కాగితం ముక్క పట్టి చూశారు, అదీ బాగానే ఉంది. అయినా ఆయన ముఖం తేటపడలేదు.

"మసి పట్టింది, కడిగినాం. నిజమే. దానికే అట్ట నడిరోడ్డులో ఆగిపోతాదా? తప్పు పోయేది వేరే పాపా, దొరికేది వేరే. ఇది పోయింది. ఇంకా దొరకలా."

మిట్టమధ్యాహ్నం, ఏసీ వేసి, ఇంజను బాగా కాగేదాకా తిప్పుదామన్నారు. నేను నడుపుతున్నాను, ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. ఊరంతా తిరిగాం, బండి పువ్వులా నడిచింది. తిరుగుదారిలో రైల్వే గేటు వచ్చింది. గేటు తెరిచే ఉంది. పట్టాల ముందు రోడ్డు ఎత్తుగా ఉంటుంది కాబట్టి బ్రేకు మీద కాలు వేసి నెమ్మదిగా ఎక్కించాను. ఇంజను ఒక్కసారి ఊ అని లేచి, చప్పున ఆరిపోయింది. ఆ ఊపుకు కారు ముందుకు దొర్లి పట్టాల మీద ఆగింది.

తాళం తిప్పాను. అంటుకున్నట్టే అంటుకుని ఆరిపోయింది. మళ్ళీ తిప్పాను. అప్పుడే గేటు గంట మొదలైంది.

ఆ గంట నా చెవుల్లో కాదు, పళ్ళల్లో మోగింది. నేను మామ వైపు చూశాను. ఆయన మీటరు ముల్లు వైపు చూస్తూ, షెడ్డులో ఉన్నంత నిదానంగా, "తొందర వద్దు. కొంచెం ఆగి తిప్పు. ఏం చేస్తాదో చూద్దాం," అంటున్నారు. గేటుకాడి మనిషి తమిళంలో అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. మామ తల కూడా తిప్పలేదు. భయమనేదే లేని మనిషిలా ఉన్నారు. అంత భయస్తుడు అలా ఎలా కూర్చున్నాడు? అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకు గంట వినపడటం లేదు.

"మామా, గంట! రైలు!" అని ఆయన భుజం పట్టి ఊపాను. ఆయన నా పెదవుల వైపు చూశారు, తర్వాత నా వేలు చూపిన వైపు చూశారు. ఆయన ముఖంలో రక్తం ఎలా ఇంకిపోయిందో ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. మరుక్షణం తలుపు తోసుకుని దిగి, వెనక్కి పరుగెత్తి, కారుకు భుజం ఆనించారు. నేను గేరు తీసేసి, స్టీరింగ్ పట్టుకుని, కిందికి దిగి తోశాను. గేటు మనిషీ, స్కూటర్లు ఆపి వచ్చిన ఇద్దరూ చెయ్యి వేశారు. ఒక చక్రం పట్టా అంచుకు తట్టుకుని ఒక్క క్షణం ఎక్కలేదు. ఆ క్షణం ఎంత పొడుగో ఎవరికీ చెప్పలేను. తర్వాత కారు అవతలికి దొర్లింది. గేటు పడింది. రైలు రావడానికి ఇంకా వ్యవధే పట్టింది. అయినా అది వెళ్తున్నప్పుడు నేను రోడ్డు పక్కన చతికిలబడ్డాను.

మామ నా పక్కనే నేలమీద కూర్చున్నారు. చొక్కా చిరిగి భుజం గీరుకుపోయింది. తర్వాత నా పెదవుల వైపు చూస్తూ అడిగారు.

"గంట ఎప్పట్నించి మోగతా ఉండింది, పాపా?"

"మొదట్నించీ, మామా."

ఆయన తల వంచుకున్నారు. అప్పుడు నాకు ఇంకొకటి కూడా తెలిసింది. సత్తం ఎట్టుండాది అని ఆయన అడిగినవన్నీ పరీక్షలు కావు. బయట బిందెల ఫ్యాక్టరీ మోతలో ఎవరికీ తెలియకుండా, మా మాటలు పెదవులు చూసి పట్టుకుంటూ, ఆయన నా చెవులతో పని చేసుకుంటున్నారు. కోపం రావలసింది. రాలేదు. నా మాట మీద ఇన్ని బండ్లు రోడ్డెక్కాయా అని ఒళ్ళు జలదరించింది.

కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. ఆయన ఇంటికి వెళ్ళలేదు, గాయానికి పసుపైనా పెట్టుకోలేదు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, "ఆరిపోయేముందు నీ కాలు ఏం చేసింది? బాగా తలుచుకోని చెప్పు," అన్నారు.

"బ్రేకు మీద ఉంది. అవును మామా, బ్రేకు రాయిలా గట్టిగా తగిలింది."

"తొక్కు మళ్ళా."

ఇంజను ఈసారి స్టార్టయింది గానీ ఎగిరెగిరి పడుతోంది. బ్రేకు తొక్కగానే ఇంజను కొంచెం ఊగింది, ఐడ్లింగ్ ఒక్కసారిగా దిగిపోయింది. దానితో పాటు పాము బుసలాంటి సన్నటి చప్పుడు విన్నాను. అదే చెప్పాను. మామ ఇంజను మీదికి వంగి, "నాకు వినపడదు. యాడో చూపించు," అన్నారు. ఆ మాట ఆయన నోటినుంచి రావడం అదే మొదటిసారి. నేను దిగి, బుస వచ్చే వైపు చెయ్యి చూపించాను. ఇంజను నుంచి బ్రేకుకు బలం ఇచ్చే రబ్బరు వాక్యూమ్ పైపు అది. పైన చూస్తే కొత్తదానిలా ఉంది. ఆయన వేలు దాని కిందికి పోనిచ్చి, వంపు దగ్గర ఆపారు. ఇంజను చటుక్కున నిలకడపడింది. వేలు తీశారు, మళ్ళీ తూలింది. వేలు పెట్టారు, నిలబడింది.

"పీలుస్తా ఉండాది చూడు," అని నా వేలు అక్కడ పెట్టించారు. పైపు అడుగున చీలిక. వేడికి రబ్బరు మెత్తబడి, బ్రేకు వేసినప్పుడు ఇంజను ఊగి, ఆ చీలిక నోరు తెరుస్తోంది. లెక్కలో లేని గాలి లోపలికి పోయి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతోంది. ఇంజనే కాదు, బ్రేకు కూడా బలం పోగొట్టుకుంటోంది. నేనన్నట్టు ఆ బండిని అప్పుడే శాంతికి ఇచ్చి ఉంటే, వెనక సీట్లో వాళ్ళమ్మతో... మామ ఆ పైపు ఊడదీశారు. "దొరికింది," అన్నారు, కానీ అందులో గెలుపు లేదు.

శాంతి వచ్చినప్పుడు ఆయన ఏదీ దాచలేదు. కారు ఎందుకు ఆగిందో, ఎక్కడ ఆగిందో చెప్పారు. కొత్త పైపు వేసి రెండు రోజులు తిప్పి చూసేదాకా ఇవ్వనన్నారు. వాళ్ళమ్మను ఆసుపత్రికి తన కారులో పంపిస్తానన్నారు. శాంతి నన్ను చూసి, ఆయన్ను చూసి, ఏడ్చేసింది. ఆమెతోనే కాదు, ఆ రోజు నుంచి షెడ్డుకు వచ్చిన ప్రతి ఒక్కరితో ఆయన ముందే చెప్పేవారు. "నా చెవులు పొయినాయి నాయనా. చేతులు నావి, వినేది ఈ పాప, హేమ. సరే అంటేనే బండి వదులు." కొందరు వదలకుండా వెళ్ళిపోయారు. ఆయన ఆపలేదు. చెవి మిషను కూడా కొనుక్కున్నారు గానీ, షెడ్డు మోతలో అది తలనొప్పే తెచ్చింది.

నేను మాత్రం ఆ రైల్వే గేటు దాటలేకపోయాను. చాలా రోజులు ఊరంతా చుట్టి వేరే దారిన వచ్చేదాన్ని. మామ చూస్తూ ఊరుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కారు పక్క సీట్లో ఎక్కి కూర్చుని, "పోదాం రా, గేటుకాడికి," అన్నారు.

"నాకు భయం పోలేదు మామా."

"నాకు మాత్రం పొయిందా? నాకు వినపడదు కూడా. అందుకని నువ్వు నాకు చెప్తా రా. ఏం వినపడతా ఉంటే అది."

గేటు దూరాన కనబడగానే నా కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది. అయినా చెప్పడం మొదలుపెట్టాను. వెనక బస్సు హారన్ కొడుతోంది మామా. ఇంజను నిలకడగానే ఉంది. ఎవరో సోడా బండి సీసాలు గలగలలాడిస్తున్నాడు. గంట మోగడం లేదు. పట్టాలు ఎక్కుతున్నాను, గంట మోగడం లేదు. ఆయన నా పెదవుల వైపే చూస్తూ, ప్రతి మాటకూ తల ఊపుతూ కూర్చున్నారు. అవతలికి దిగాక, "సరి, ఇప్పుడు తిప్పుకోని మళ్ళా రా," అన్నారు. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు అటూ ఇటూ దాటామో! గేటు మనిషి మమ్మల్ని పిచ్చివాళ్ళనుకుని ఉంటాడు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆ షెడ్డు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. రెండు బండ్లు బాగయ్యాయని మాటివ్వలేనని చెప్పి తిప్పి పంపాను ఈ నెలలో. తప్పు పోయింది గానీ దొరకలేదని చెబితే మనుషులకు కోపం వస్తుంది, రానీ. భయం ఆయన దగ్గర నేర్చుకున్న పనిలో భాగమే, దాన్ని వదిలించుకోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు. ఇవాళ పొద్దున ఆ గేటు దాటుతూ, ఎప్పటిలాగే, గంట మోగడం లేదని పైకి చెప్పాను. పక్క సీటు ఖాళీగా ఉంది. అయినా ఆయనకు అందదేమోనని ఇంకోసారి, కొంచెం గట్టిగా చెప్పాను.