పరీక్షకు వెళ్తూ హుమ్మలో దిగిపోయాను

బరంపురంలో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, ఉత్తర ఐరోపాలోని ఒక ప్రయోగశాల నుంచి నాకు పిలుపు వచ్చింది. ఋషికుల్య మొగ దగ్గర, ఏటి నీరూ ఉప్పునీరూ కలిసేచోట చేపపిల్లలు ఎలా పెరుగుతాయన్నది నా పరిశోధన. చల్లటి సముద్రాల్లో అదే పని చేస్తున్న వాళ్ళు ఒక ఏడాది తమ దగ్గరుండి పనిచేయమన్నారు. ఒకటే షరతు, ఇంగ్లీషు పరీక్ష. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం, నాలుగింటిలోనూ వాళ్ళు చెప్పిన మార్కు రావాలి.

చదవడానికీ రాయడానికీ నాకు బెంగ లేదు. థీసిస్ రాస్తున్నదే ఇంగ్లీషులో. మాట్లాడటమే రాదు. మాది ఆ మొగ పక్కనే ఉన్న పొడంపేట, చేపల వేట మీద బతికే తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో ఒరియా. ఇంగ్లీషు కాగితం మీద చూసిందే తప్ప నోట్లో ఎప్పుడూ ఆడలేదు.

బరంపురం గాంధీనగర్‌లో రిటైరైన ఒక మాస్టారు సాయంత్రాలు మాట్లాడటం నేర్పేవారు. రెండో రోజే నా రోగం కనిపెట్టేశారు.

"నువ్వు తెలుగులో అనుకుంటన్నావు, దాన్ని ఒరియాలో సర్దుకుంటన్నావు, అప్పుడు ఇంగ్లీషుకొస్తన్నావు. ఇన్ని రేవులు దాటేసరికి అవతలోడు లేచి ఎల్లిపోతాడమ్మా."

ఆయన ముందు కూర్చుని వాతావరణం గురించీ, నచ్చిన పండుగ గురించీ, మొబైలు ఫోన్ల మంచి చెడుల గురించీ మాట్లాడటం నేర్చుకున్నాను. ధైర్యం వచ్చిందనుకున్నాకే పరీక్షకి భువనేశ్వర్ వెళ్ళాను.

పరీక్ష చేసే ఆవిడ మంచి మనిషి. నవ్వుతూ ఒక కార్డు ఇచ్చింది. మీరు పుట్టి పెరిగిన ఇంటి గురించి చెప్పండి, అని ఉంది. రెండు గదులు, వెనకాల ములగచెట్టు, అంటూ మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాను. ఇల్లు 'ఉంది' అనాలో, 'ఉండేది' అనాలో తేలలేదు. మా ఊరిని సముద్రం ఏటేటా కొరుక్కుంటూ వచ్చింది. ఒక వానాకాలం మా వంటిల్లు పోయింది, మరుసటి ఏడు మిగతాది పోయింది. ఆ చోట ఇప్పుడు అలలే. ఊరివాళ్ళందరికీ ఒడ్డుకి దూరంగా కొత్త కాలనీ కట్టిచ్చారు. ఇదంతా చెప్పాలా, అక్కర్లేదా అనుకుంటూ ఉండగానే సమయం అయిపోయింది.

మిగతా మూడింటిలో మంచి మార్కులు వచ్చాయి. మాట్లాడటంలో అరమార్కు తగ్గింది.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ అడిగింది, "ఏటడిగేరే ఆళ్ళు?"

"మనిల్లెలాగుంటాదో సెప్పమన్నారమ్మా."

అమ్మ ఇంకో చేప తిరగేసింది. తర్వాత, "మరో ఇల్లేదో సెప్పీవలసింది. ఆళ్ళేటి సూసొస్తారా," అంది.

మా గైడు మళ్ళీ రాయమన్నారు. ప్రయోగశాల వాళ్ళు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఆ లోపల దొరికింది ఒక్క తేదీయే. దానికి రెండు రోజుల ముందు సముద్రంలో వాయుగుండం పుట్టింది. తుపానుగా మారి గంజాం దగ్గరే తీరం దాటుతుందని టీవీలో చెప్పారు. రైళ్ళు ఆపేశారు. పరీక్ష కేంద్రానికి ఫోన్ చేస్తే, పరీక్ష ఉంది, రమ్మన్నారు. పరీక్ష ముందురోజే భువనేశ్వర్ బస్సెక్కాను. ఎక్కేముందు అమ్మకి ఫోన్ చేశాను.

"మమ్మల్ని షెల్టరుకి తీసుకెళ్ళిపోతారంట. నాకేటీ అవదు. నువ్వీపక్కకి రాకు, పరీచ్చకెల్లు," అంది.

ఛత్రపురం దాటాక మళ్ళీ చేస్తే ఫోన్ కలవలేదు. గంజాం దగ్గర వంతెన మీంచి చూస్తే ఏరు ఎర్రగా పొంగి పోతోంది. మళ్ళీ చేశాను, కలవలేదు. షెల్టరు పక్కా భవనమని తెలుసు, కాలనీ ఒడ్డుకి దూరమనీ తెలుసు. కానీ మా వంటిల్లు పోయిన రోజున కూడా ఏమీ కాదనే చెప్పింది అమ్మ. మా ఊరికి దారి చీలే హుమ్మ దగ్గర ఎవరో దిగడానికి బస్సు ఆగింది. సంచీ తీసుకుని నేనూ దిగిపోయాను. మీ టికెట్టు భువనేశ్వర్ దాకా ఉంది కదా అని కండక్టరు ఒరియాలో అంటూనే ఉన్నాడు. ఉప్పుమడుల మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. ఊరివైపు వెళ్తున్న ఒక ఆటో దొరికింది.

షెల్టరు మెట్ల మీద నన్ను చూసి అమ్మ లేచి నిలబడింది.

"ఎందుకొచ్చినావే? నాను రమ్మన్నానేటి?"

ఆమె పక్కన కూర్చున్నాను. షెల్టరులో ఇచ్చిన అటుకులు నా చేతిలో పెట్టింది కానీ ఆ సాయంత్రమంతా పక్కవాళ్ళతోనే మాట్లాడింది.

తుపాను రాలేదు. సముద్రంలోనే బలం తగ్గి, వానై కురిసిపోయింది. తెల్లవారేసరికి ఎండ కాస్తోంది. మగవాళ్ళు నవ్వుకుంటూ పడవలు చూసుకోవడానికి వెళ్ళారు. అమ్మ ఆకాశం వంక చూసి, నా వంక చూసి, "ఇప్పుడు బస్సెక్కితే అందుతావేటి?" అని అడిగింది. అందనని ఆమెకీ తెలుసు.

పరీక్ష రాయలేకపోయానని తెలిపితే, ప్రయోగశాల వాళ్ళు మర్యాదగా జవాబు రాశారు. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చామన్నారు. థీసిస్ ఇక్కడే పూర్తి చేశాను. ఇప్పుడు బరంపురంలో ఒక కాలేజీలో పాఠం చెబుతున్నాను. చెడ్డ బతుకేమీ కాదు. అప్పుడప్పుడు ఆ ప్రయోగశాల వాళ్ళ పరిశోధన పత్రాలు చదువుతాను. నేను చేయాలనుకున్న ప్రయోగాలు మరొకరి పేరుతో కనిపిస్తాయి. మంచిగానే చేశారు. చదివాక కాసేపు వేరే పని చేయబుద్ధి కాదు.

అంతకంటే ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. ఆ రోజు నుంచి అమ్మ తన కష్టాలు నాకు చెప్పడం మానేసింది. ఎప్పుడు ఫోన్ చేసినా అంతా బాగుందంటుంది. ఒకసారి జ్వరంతో ఛత్రపురం ఆసుపత్రిలో పడి ఉండి కూడా ఇంట్లోనే ఉన్నానంది. ఇంకోసారి ఫోన్‌లో గాలి హోరు స్పష్టంగా వినిపిస్తుంటే, "గాలి కాదే, పక్కింటోల టీవీ," అంది.

ఎందుకిలా దాస్తున్నావని ఒకసారి గట్టిగానే అడిగాను.

"నీ సదువు నా మూలాన పాడైపోనాది. ఇంకేటీ పాడవకూడదు," అంది.

నీ మూలాన కాదమ్మా, నేనే వచ్చాను అన్నాను. ఎన్నిసార్లన్నా వినదు. అందుకే ఈ మధ్య ఆదివారాలు చెప్పకుండా వెళ్తున్నాను. గుమ్మంలో నన్ను చూడగానే ఆమె మొహం వెలుగుతుంది. ఆ వెంటనే భయం కమ్ముతుంది. కాలేజీ లేదా, ఎవరైనా ఏమైనా అన్నారా, ఎందుకొచ్చావు అంటుంది. ఊరికే వచ్చానంటే నమ్మదు.