అక్క గొంతుకు ఒక బటన్

మా బావగారింట్లో ఒక నియమం ఉంది. ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ తెర మీదికి ఏ పెట్టె దూకి ఏం అడిగినా సరే, అలౌ జోలికి పోకుండా బ్లాక్ నొక్కాలి. మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా అంటే బ్లాక్. నోటిఫికేషన్లు పంపవచ్చా అంటే బ్లాక్. మైకు, కెమెరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన టొరంటోలో ఒక బ్యాంకులో కంప్యూటర్ సెక్యూరిటీ పని చేస్తారు. పగలంతా జనం ఎన్ని రకాలుగా మోసపోతారో చూసి, సాయంత్రం మిస్సిసాగా ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళ మీద పడతారు.

"చదవక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. బ్లాక్ కొట్టి అవతల పారెయ్యండి" అంటారు. ఒకసారి భోజనానికి పిలిచిన వాళ్ళ ఫోన్లు కూడా అడిగి తీసుకుని, సెట్టింగ్స్ సరిచేసి తిరిగిచ్చారు. వాళ్ళకు పులిహోర వడ్డిస్తూ మా అక్క అంది: "పెళ్ళిచూపుల్లో మాత్రం చూసుకోకుండా అలౌ నొక్కేశారండీ ఈయన. ఇప్పుడు ఏ సెట్టింగ్స్‌లోకి వెళ్ళినా మార్చడానికి లేదు."

అక్క అలాంటిది. నోరు మూత పడేది కాదు. నేను నార్త్ యార్క్ నుంచి కారులో బయల్దేరి 401 హైవే ఎక్కానంటే, వాళ్ళ గుమ్మం ముందు దిగేదాకా కారు స్పీకర్లో అక్క ఉండేది. ట్రాఫిక్ ఆగితే నాకంటే ముందు తనే లారీవాళ్ళను తిట్టేది. కూరలో ఉప్పు తక్కువైతే ఒక కథ, పక్కింటావిడ చెత్తబుట్టను వీళ్ళ గోడ వైపు జరిపితే ఒక కథ. వినే ఓపిక లేక, "ఉంటానక్కా" అని నేను మధ్యలో పెట్టేస్తే మళ్ళీ చేసి, "ఉండవే, అసలుది చెప్పలేదు" అనేది. అసలుది అంటూ ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

అలాంటి మనిషికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. దేవుడికి ఇంకో చోటే దొరకలేదా అని ఆస్పత్రి పార్కింగ్ లాట్‌లో నేను పైకి చూసి అరిచాను. ఎవరో ఒక ముసలాయన ఆగి, నాకు సాయం ఏమైనా కావాలా అని అడిగాడు. ఏం సాయం చేస్తాడు పాపం.

ఇంటికొచ్చాక అక్క తెలుగులో రాసి చూపించడం మొదలుపెట్టింది. బావగారికీ నాకూ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా పాపకు. అక్కకు ఒక్కతే కూతురు, ఇక్కడే పుట్టింది, గ్వెల్ఫ్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. తెలుగు వింటే అంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీష్‌లో చెబుతుంది, అక్షరాలు మాత్రం రావు. చిన్నప్పుడు నేర్పుదామని కూర్చోబెడితే అక్కే మాటల్లో పడి పాఠం మర్చిపోయేది. పోనీ ఇంగ్లీష్‌లో రాయొచ్చుగా అంటే అక్క ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళు ఇక్కడ ఆఫీసులో ఇంగ్లీష్ రాసిన మనిషే. "ఇంగ్లీష్‌లో తిడితే అది తిట్టు కాదే, ఈమెయిల్" అని రాసి చూపించింది.

బావగారు చదివి వినిపించేవారు. కానీ ఆయన మధ్యలో వడపోసేవారు. అక్క "గాడిదా, ఫోన్ చెయ్యడానికి చేతులు పడిపోయాయా" అని రాస్తే, ఆయన ఫోన్‌లో పాపతో "అమ్మ నిన్ను తలుచుకుంటోంది తల్లీ" అనేవారు. అక్క దిండు విసిరేది. నవ్వులాటగానే ఉండేది గానీ, ఒకరోజు దిండు విసిరాక అక్క కళ్ళనిండా నీళ్ళు. "నా కూతురితో నేను మాట్లాడాలి. ఆయన కాదు" అని రాసింది.

నాకు చేతనైన పని ఒక్కటే. ఆఫీసులో నేను వెబ్ పేజీలు తయారుచేస్తాను. అక్క కోసం ఒక పేజీ రాశాను. అందులో ఒక పెద్ద పసుపు రంగు బటన్ తప్ప ఇంకేమీ లేదు. అక్క తనకు అలవాటైన తెలుగు టైపింగ్ యాప్‌లో రాసుకుంటుంది. అక్కడ కాపీ అని ఒక బటన్ ఉంది, ఒక్కసారి తాకితే చాలు. పేస్ట్ చెయ్యాలంటే మాత్రం తెర మీద వేలు పెట్టి కదలకుండా కాసేపు నొక్కి ఉంచాలి. కీమో తర్వాత అక్క వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి, నొక్కి ఉంచితే జారిపోయేవి. అందుకే నా పేజీలో ఆ బటన్. తాకగానే అక్క కాపీ చేసుకున్నది ఆ పేజీయే తీసుకుని పైకి చదువుతుంది.

అయితే ఏ పేజీ అయినా మనం కాపీ చేసుకున్నదాన్ని, క్లిప్‌బోర్డ్ అంటారు దాన్ని, అడగకుండా చూడటానికి వీల్లేదు. మొదటిసారి బ్రౌజర్ ఒక పెట్టె తెరిచి అడుగుతుంది: మీరు కాపీ చేసింది ఈ పేజీ చూడవచ్చా? అలౌ, బ్లాక్. అది పాస్‌వర్డ్ కావచ్చు, డాక్టరు రిపోర్టు కావచ్చు, ఎవరికో చెబుదామని రాసుకుని చెప్పకుండా ఆగిపోయిన మాట కావచ్చు. మా టీమ్‌లో ఒకబ్బాయి ఆ పెట్టె జనానికి చిరాకు అంటే, మీటింగ్‌లోనే వాడి మీద ఎగిరిపడ్డాను. మనిషి సొంత మాటను ఆ మనిషిని అడక్కుండా ఎలా చూస్తావు అని. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అదే నా బాధ.

అక్క ఫోన్‌లో పెట్టె వచ్చినప్పుడు నేనే పక్కన కూర్చుని అలౌ నొక్కించాను. ఒకసారి నొక్కితే ఆ ఫోన్‌లో మళ్ళీ అడగదు. బావగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఈ ఒక్కదానికే సుమా" అన్నారు, పిల్లకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టినట్టు.

ఆ పేజీ చదివే గొంతు రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ చేసే ఆవిడ గొంతులా ఉండేది. కోపం, ప్రేమ, వెటకారం, అన్నీ ఒకే తీరుగా పలికేది. పాప మొదటిసారి విన్నప్పుడు, "గాడిదా. జుట్టు విరబోసుకుని. కిచెన్‌లో. తిరగకు" అన్నది ఆ గొంతు, ఏదో రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందన్నట్టు. పాప నేలమీద పడి నవ్వింది. అక్క నవ్వితే శబ్దం రాదు, భుజాలు ఊగుతాయి, అంతే. తల్లీకూతుళ్ళు అలా చాలాసేపు ఊగిపోయారు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం పాప గ్వెల్ఫ్ నుంచి వీడియో కాల్ చేసేది. అక్క మధ్యాహ్నమే కూర్చుని ఏం చెప్పాలో రాసుకునేది, కాపీ నొక్కేది, వెంటనే పక్కనున్న క్లియర్ నొక్కి పలక తుడిచినట్టు తుడిచేసేది. లేకపోతే బావగారు వెనక నుంచి వచ్చి చదివేస్తారని. కొన్నాళ్ళకు పాప ఆ గొంతునే అమ్మ అనడం మొదలుపెట్టింది. "అమ్మ సెడ్ నో" అనేది నాతో.

శీతాకాలం చివర్లో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆస్పత్రిలో కిటికీ ఉన్న గది ఇచ్చారు. ఆ మర్యాదకు అర్థమేమిటో మాకు తెలుసు. అక్కకు ఫోన్ తెర ఆనడం లేదని బావగారు ఒక టాబ్లెట్ కొన్నారు. యాప్ పెట్టారు, నా పేజీ తెరిచి పెట్టారు, అక్షరాలు పెద్దవి చేశారు. ఆయన పద్ధతైన మనిషి, అన్నీ సరిచూశారు. కానీ కొత్త టాబ్లెట్ కదా, దానికి మేమెవరమూ ఏమీ చెప్పలేదు. అది మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది.

టాబ్లెట్ వచ్చిన మర్నాడు పాపకు పరీక్షల మధ్య విరామం. మధ్యాహ్నం కాల్ చేసింది. బావగారు ఫోన్ అక్క ముఖానికి ఎదురుగా పట్టుకుని మంచం చివర నిలబడ్డారు. టాబ్లెట్ అక్క ఒళ్ళో ఉంది, ఆయనకు దాని వీపే కనబడుతోంది. పొద్దుటి నుంచీ ఆగి ఆగి రాసిందట అక్క. నర్సు మందు ఇవ్వడానికి వస్తే వేలు చూపించి ఆగమన్నదట. అంతసేపు ఎప్పుడూ రాయలేదు.

పాప చెప్పింది నాకు తర్వాత: "షి లుక్డ్ ఎట్ మి, పిన్నీ. షి ఫిక్స్‌డ్ హర్ స్కార్ఫ్ అండ్ ఎవ్రీథింగ్." తలగుడ్డ సర్దుకుని, బటన్ తాకింది. ఒక క్షణం తెరను చూసింది. మళ్ళీ ఏదో తాకింది. గొంతు రాలేదు. బటన్ ఇంకోసారి తాకింది. ఏమీ లేదు.

"అమ్మా, డిడ్ యు వాంట్ టు సే సమ్‌థింగ్?" అని పాప అడిగింది.

అక్క చెయ్యి ఊపింది. పోనీలే అన్నట్టు. 

"ఐ యామ్ కమింగ్ సాటర్‌డే. టెల్ మి దెన్, ఓకే?"

అక్క తలూపింది. అలసిపోయిందని బావగారు టాబ్లెట్ తీసి పక్కన పెట్టారు. మర్నాటికి అక్క కళ్ళు తెరవలేదు. పాప పరీక్ష వదిలేసి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చేతిలో కదలిక లేదు. శనివారం రాకముందే అక్క వెళ్ళిపోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక, వచ్చిన వాళ్ళంతా వెళ్ళాక, పాప టాబ్లెట్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సోఫాలో బావగారు నా ఎదురుగా ఉన్నారు. "పిన్నీ, యు మేడ్ ఇట్. కెన్ యు గెట్ ఇట్ బ్యాక్?" అంది. అమ్మ ఆ రోజు ఏం చెప్పబోయిందో తనకు కావాలి. అదొక్కటే కావాలి.

టైపింగ్ యాప్ తెరిచాను. ఖాళీగా ఉంది, అక్క అలవాటు ప్రకారం తుడిచేసింది. ఇక మిగిలింది ఆ కాపీ ఒక్కటే. అలాంటివి టాబ్లెట్‌లో ఎక్కువసేపు నిలవవు, భద్రత కోసం అదే చెరిపేస్తుంది. నాకది తెలుసు, ఆ పిల్ల ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను. నా పేజీ ఎందుకు పలకలేదో చూద్దామని సెట్టింగ్స్ తెరిచాను. నా పేజీ పేరు కింద ఒక్కటే వరుస ఉంది. క్లిప్‌బోర్డ్, బ్లాక్.

బావగారు లేచి వచ్చి నా భుజం మీదుగా చూశారు. ఆయనకు ఎవరూ వివరించక్కర్లేదు. అలాగే కిందకు, కార్పెట్ మీద కూలబడ్డారు.

"నా మాట ఎప్పుడన్నా విందా మీ అక్క?" అన్నారు. "ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా విందా? కారు మెల్లగా నడపమంటే విందా, మందులు వేళకు వేసుకోమంటే విందా? ఇప్పుడు వినాలా?"

ఆయన అంత గట్టిగా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పాప వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. కూర్చుని, నా వైపు చూసి, "ఆర్ మేబీ షి చేంజ్‌డ్ హర్ మైండ్?" అంది. చెప్పొద్దనుకుని నొక్కిందేమో అని. అలా అయితే నాన్న తప్పు ఉండదు కదా అని ఆ పిల్ల ఆశ.

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఏం నొక్కారో ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుంది, ఎందుకు నొక్కారో దానికి అక్కర్లేదు. నేను మీటింగుల్లో దెబ్బలాడి నిలబెట్టిన పెట్టె అది. దాన్ని రాళ్ళతో కొట్టాలనిపించింది.

"ట్రై ఇట్, పిన్నీ" అంది పాప. 

"అక్క వద్దనుకుని ఉంటేనో?" అన్నాను. 

"షి ఫిక్స్‌డ్ హర్ స్కార్ఫ్," అంది పాప.

బ్లాక్ తీసి అలౌ పెట్టాను. పేజీకి వెనక్కి వచ్చి ఆ పసుపు బటన్ నొక్కాను.

బ్లాక్ చేస్తే ఆ పేజీ నోరు మెదపదు గానీ, అలౌ చేశాక కాపీ చేసింది ఏమీ దొరకనప్పుడు ఏం పలకాలో నేనే ఒక వాక్యం రాసి పెట్టాను. ఈ ప్రపంచంలో ఆ పేజీ వాడే మనిషి ఒక్కరే కదా అని, మర్యాదలేవీ లేకుండా రాశాను. టాబ్లెట్ ఆ గొంతుతో, పాప అమ్మ అని పిలిచే ఆ గొంతుతో, గదంతా వినబడేలా అంది:

"అక్కా. ఏమీ రాలేదు. మళ్ళీ రాయి."

తెర మీదే ఉన్న నా వేలు మళ్ళీ తగిలినట్టుంది. 

"అక్కా. ఏమీ రాలేదు. మళ్ళీ రాయి."

పాప రెండు చెవులూ మూసుకుంది. "షి కాంట్," అంది. "పిన్నీ, టెల్ ఇట్ షి కాంట్."