తోమాసు కండక్టరు రెండు నిమిషాల భోజనం

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం అన్నం తినుడు అరగంట పడుతున్నది. మా మామ తోమాసు ఉన్నన్నాళ్లు ఆయన వరకు అది రెండు నిమిషాల పని. దమ్మపేట మండలంలో ఆయన కంటే జల్దీ తినే మనిషి లేడని బైబిలు మీద చెయ్యిపెట్టి చెప్తా. నేను చదివింది ఐదో తరగతే గాని, గడియారం చూసుడు వచ్చు.

ఆయన ముప్పై ఏండ్లు బస్సు కండక్టరు. కంచంలో అన్నం పడుడే ఆలస్యం, నాలుగు ముద్దలు, ఒక చెంబు నీళ్లు, కంచం మీద రెండు దెబ్బలు, "రైట్ రైట్". భోజనం అయిపోయినట్టే. అటెనుక అన్నం గిన్నె ముందుకు గుంజుకొని మా అందరికీ వడ్డించేవాడు. ఒక్కొక్కరి కంచంలోకి వంగి చూసేది ఎట్లుంటదంటే, టికెట్లు చెక్ చేసినట్టే.

నేను కొత్త కోడలిగా వచ్చిననాడు గరిటె పట్టుకొని తలుపు పక్కన నిలబడ్డా. మా పుట్టింట్లో ఆడోళ్లది గిన్నె అడుగున మిగిలిన తిండి. మామ రైట్ రైట్ కొట్టి లేచి నా చేతిలో గరిటె తీసుకున్నడు. "నువ్వు కూసో బిడ్డా, సీటు ఖాళీగా ఉంది" అన్నడు. ఈ సంగతి మా అమ్మతో చెప్తే, ఆయనకు గరిటె మీద పెత్తనం ఎక్కువేమోలే, సర్దుకొమ్మన్నది.

బూర్గంపాడులో ఒక పెండ్లికి పోతే వరసలోకి పప్పు రాకముందే ఆయన ఉత్త పచ్చడితో తిని లేచిండు. అలిగి పోతున్నడనుకొని పెండ్లికొడుకు మేనమామలు ఇద్దరు బతిమాలటానికి ఉరికొచ్చిన్రు. అప్పటికే మామ సాంబారు బకెట్ పట్టుకొని మూడో వరస కాడ ఉన్నడు. పప్పు ఎట్లుందని అడిగితే, ఏ పప్పు అని వాళ్లనే అడిగిండు. ఆయనను కాసేపన్నా కంచం ముందు కూసోబెట్టాలని మా పాస్టరు డేవిడ్‌గారు భోజనం ప్రార్థన పొడుగు చేసేవాడు. ఏం లాభం, ఆమెన్‌కూ రైట్ రైట్‌కూ నడుమ దగ్గు దగ్గేంత సందు కూడా ఉండేది కాదు.

రెండువేల ఐదులో ఆయనకు కడుపునొప్పి మొదలైంది. ఒళ్లు తగ్గింది. భద్రాచలం దవాఖానాకు తీసుకపోయినం. డాక్టరమ్మ ఎక్స్‌రేలో పలచబడ్డ ఎముకలు చూసి, చిన్నప్పుడు ఏం తినేవాడివని అడిగింది. అడివిలో ఏది దొరికితే అది, దొరికిననాడు, అన్నడు మామ. అప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచి, ఎముక బలం పట్టే వయసులో తిండి లేదు, ఆనాటి ఆకలి ఈనాడు బయటపడుతున్నదన్నది. బరువు నలభై ఒక్క కిలోలు. నలభైకి దిగితే దవాఖాన మంచం ఎక్కించాల్సిందే. ఇకనుంచి ముద్ద ముద్దా నమిలి ఇరవై నిమిషాలు తినాలె, ఆ పూచీ నా మీద పెట్టింది.

నేను కంచం పక్కన అలారం గడియారం పెట్టిన. మామ రెండు నిమిషాల్లో తిని, తక్కిన పద్దెనిమిది నిమిషాలు ఉత్త దవడలు ఆడించిండు. మా బిడ్డ దీవెన కనిపెట్టింది.

"అమ్మా, తాత నోట్లో ఏం లేదు."

"నెమరేస్తున్న" అన్నడు.

నెల తిరిగేసరికి నలభైన్నర. మా ఆయన బెంజమిన్ పొద్దున డ్యూటీకి పోతే సాయంత్రం గాని రాడు. ఆ అర కిలో నా గుండె మీద కూసున్నది.

ఆ వారమే అన్నను చూసిపోదామని కారేపల్లి నుంచి మామ చెల్లె విశ్రాంతమ్మ వచ్చింది. డెబ్బై దగ్గర పడ్డా చేతికర్ర లేదు, మనిషి టేకు దుంగ లెక్క ఉంటది. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నది. ఒక తల్లి పిల్లలేనాయె, ఒక్క ఇంటి ఆకలేనాయె, నీకు ఇంత గట్టి ఒళ్లు ఎట్లొచ్చింది చిన్నత్తా, అని అడిగిన.

ఆమె నవ్వుడు ఆపి అన్న దిక్కు చూసింది.

"ఇది మా అన్న తినని తిండి బిడ్డా."

అప్పుడు చెప్పింది. వాళ్ల నాయిన అడివిలో వెదురు కొట్టేవాడు. పొద్దుగూకితే ఒక్క పెద్ద మూకుట్లో జొన్న గటక, చుట్టూ ఐదుగురు పిల్లలు. ఎవరికి కడుపు నిండలేదనిపిస్తే తల్లి తన వంతు తీసి వాళ్లకు పెట్టేది. పెద్దోడు తోమాసుకు పదేండ్లు. నాలుగు ముద్దలు గబగబా మింగి, నీళ్లు తాగి, మూకుడు మీద రెండు దెబ్బలు కొట్టి, నిండిందని లేచిపోయేవాడు. తల్లి నమ్మింది. చిన్నోళ్లూ నమ్మిన్రు. కండక్టరు నౌకరి వచ్చింది ఎప్పుడో తర్వాత. ఆ దెబ్బలు అంతకుముందటివి.

మామ టికెట్ లేకుండా దొరికిన ప్యాసింజర్ లెక్క తల దించుకున్నడు.

తెల్లారి నేను గడియారం తీసి బీరువాలో పెట్టిన. అందరికీ వడ్డించి, నా కంచం కూడా పెట్టుకొని, ఆయన కంటే ముందే కూసొని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నా.

"మామా, అందరం ఎక్కినం. ఎవ్వరూ నిలబడి లేరు. ఇగ మెల్లగా పోనీ."

ఆయన అందరి కంచాల్లోకి ఒకసారి చూసిండు. నా కంచంలోకి రెండుసార్లు చూసిండు. అప్పుడు తిన్నడు, పందొమ్మిది నిమిషాలు. దీవెన గోడ గడియారం చూసుకుంట వేళ్లమీద లెక్కపెట్టింది. అందులో రెండు నిమిషాలు మామిడికాయ పచ్చడి మళ్లా అడగటానికే పోయినయి.

మూడు నెలలకు నలభై ఐదు కిలోలు. ఏ గోలీ పనిచేసిందని డాక్టరమ్మ అడిగితే, మామ నన్ను చూపించి, "మా కోడలు కూసున్నది" అన్నడు. ఆమెకు అర్థం కాలేదు. బస్సులో ఇంటిదాకా నేను తల ఎత్తుకొనే వచ్చిన.

నాలుగేండ్లు మంచిగా తిని, మొన్నటి వానకాలంలో పోయిండు. ఆయన పోయినంక కొన్నాళ్లు నేను మళ్లా గరిటె పట్టుకొని తలుపు పక్కకే చేరిన. ఒకనాడు దీవెన గరిటె గుంజుకొని, సీటు ఖాళీగా ఉందమ్మా, అన్నది.

ఇప్పుడు అందరితోపాటే తింటున్నా. వాకిట్లో మాడిన కూర గిన్నె, కుక్కరు, పొద్దటి టిఫిన్ ప్లేట్లు అన్నీ పడి ఉన్నయి. లేచి తోమేద్దామని చెయ్యి గుంజుతది. ఉండనీ. సాయంత్రం దాకా ఉంటయి, యాడికీ పోవు. నాకు ఇంకా పెరుగన్నం ఉంది.