తల ఊపొద్దన్న సూర్యారావు గారు

మొన్న కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సులో నా ముందు సీటు అమ్మాయి ఫోన్లో కొరియా సీరియల్ చూస్తోంది. ఇయర్‌ఫోన్లు ఇంట్లో మర్చిపోయినట్టుంది, బస్సంతటికీ వినిపిస్తోంది. కింద గోదావరి, చెవిలో కొరియా. హీరో ఏదో అంటాడు, హీరోయిన్ ఏదో అంటుంది, ప్రతి మాట చివరా 'యో' అని సాగుతుంది. ఆ పిల్ల ముసిముసిగా నవ్వుకుంటోంది. నాకు మాత్రం చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. "ఏంటండీ, చలేస్తోందా?" అన్నాడు పక్కాయన. నడి వేసవి. "పాఠం గుర్తొచ్చిందండి" అన్నాను. నా వాలకం చూసి నమ్మినట్టు లేడు.

నమ్మకపోవడంలో ఆయన తప్పు లేదు. నా చదువు ఎనిమిదో తరగతి దాకా సాగింది. తొమ్మిదిలోకి వాళ్ళు రమ్మనలేదు, నేనూ వాళ్ళని మొహమాటపెట్టలేదు. వెల్డింగ్ నేర్చుకున్నాను. కొరియాలో ఓడలు కట్టే యార్డుకి వెల్డర్లు కావాలని ఒక ఏజెంటు అంటే పేరిచ్చాను. నాలుగు ముక్కలు మాట్లాడటం వస్తేనే తీసుకుంటారన్నాడు. మా వీధిలో ఆ భాష వచ్చిన మనిషి సూర్యారావు గారొక్కరే. చేపలు పట్టే కుటుంబం వారిది. వల వదిలి వెల్డింగ్ పట్టి, అలాంటి యార్డులోనే ఏళ్ళ తరబడి చేసి, ఊపిరితిత్తులు పాడై తిరిగొచ్చారు. మళ్ళీ అరుగు మీద కూర్చుని చిరిగిన వలలు అల్లుకునేవారు. నాలుగు మాటలకొకసారి దగ్గు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. పదిమందిని నవ్వించడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి, నాకది అవమానంగా ఉండేది.

మొదటి రోజు ఆయన వల మీంచి తల ఎత్తకుండానే మొదలెట్టారు. "మనం చివర అండి అంటాం కదా, వాళ్ళు యో అంటారు. 'కా' అంటే పో. 'కాయో' అంటే మర్యాద. గొంతు పైకి లేపితే వెళ్తున్నారా అని అడిగినట్టు, దించితే వెళ్తున్నానండి అని చెప్పినట్టు. రోజువారీ మాటలకి ఇంతే చాలు."

"అయితే బాబాయ్ గారండీ, మన గోదావరి జిల్లాల వాళ్ళే అక్కడికి వలస పోయి ఉంటారంటారా?"

"కాయో" అన్నారాయన, గొంతు దించి. వెళ్ళమనడానికి కూడా అదే మాట వాడతారని అలా తెలిసింది. లేచి ఇంటికి వెళ్ళాను.

వారం తిరిగేసరికి యో నా నాలుక మీద బాగానే కూర్చుంది. తింటానండి, వస్తానండి, చేస్తానండి, అన్నీ వచ్చాయి. అప్పుడు అసలు పాఠం మొదలైంది. ఆయన హఠాత్తుగా యార్డు మేస్త్రీలా గొంతు పెంచి గబగబా ఏదో అరిచేవారు. నేను తల ఊపి "నే, నే" అనేవాణ్ణి. నే అంటే అవునండి.

"ఏం అర్థమైందిరా శీనూ?"

"ఏమీ లేదండి."

"మరి నే అన్నావేంటి?"

"పెద్దవారు కదండీ. కాదంటే ఏం బాగుంటుంది?"

వల పక్కన పడేసి లేచి వెళ్ళిపోయారు. ఆ రోజుకి పాఠం అంతే. మర్నాడూ అంతే. అర్థం కాకపోతే 'మొల్లాయో' అనాలి, తెలియదండి అని. యో లేకుండా మొల్లా అంటే ఎదుటివాడి మొహాన తలుపేసినట్టు, మేస్త్రీ కొట్టడానికి వస్తాడు. "అండి పెట్టి కూడా కాదనొచ్చురా. అది మనకి చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు" అనేవారు. నిజమే. మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మెడ దానంతటదే ఊగుతుంది. అర్థం చేసుకోవడం తర్వాతి సంగతి, ముందు అలాగేనండి అనేస్తాం. పదకొండు రోజులు నన్ను అరుగు మీంచి లేపేశారు, తల ఊపినందుకు.

పన్నెండో రోజు ఆయన మందులకి వెళ్తే, వాళ్ళావిడ నాగమణి పిన్ని మంచినీళ్ళు తెచ్చింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. కంచం పెట్టడం, కంచం తీయడం, అంతే. నా నోరు ఊరుకోదు కదా. "పిన్నిగారండీ, తెలియదు అనడం నేర్పడానికి ఈయనకి ఇన్ని రోజులా? మా లెక్కల మాస్టారు ఒక్క గంటలో అనిపించేవారు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మా తమ్ముడికి అది నేర్పలేదు శీనూ" అంది. "నే ఒక్కటే నేర్పారు."

గ్లాసు అరుగు మీద పెట్టేశాను. పిన్ని తమ్ముడు నూకరాజు కొరియాలోనే చచ్చిపోయాడని వీధిలో అందరికీ తెలుసు, ఎలాగో ఎవరూ మాట్లాడరు. ఆ సాయంత్రం సూర్యారావు గారే చెప్పారు. బావమరిదిని తనే తీసుకెళ్ళారు. ఏం చెప్పినా నే అను, పని పోదు అన్నారు. ఓ పొద్దున ఓడలో పెద్ద గొట్టం దగ్గర మేస్త్రీ చెప్పాడు, లోపల ఆర్గాన్ గ్యాసుంది, గాలి పెట్టేదాకా దిగొద్దని. దానికి రంగూ లేదు, వాసనా లేదు, ఊపిరికి గాలి మాత్రం మిగల్చదు. నూకరాజు నవ్వుతూ నే అన్నాడు, తల ఊపాడు, దిగాడు. "నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. వాడి తల ఊగడం చూశాను. బాగా నేర్చుకున్నాడు అనుకున్నాను" అన్నారు. మళ్ళీ దారం అందుకున్నారు కానీ ముడి పడలేదు.

కొరియా చేరాక యార్డులో నాకూ అలాంటి పొద్దొకటి వచ్చింది. మేస్త్రీ ట్యాంకు నోటి వైపు చెయ్యి చూపించి ఏదో అరిచాడు. చుట్టూ అందరూ తలలూపారు. నా మెడ సగం ఊగింది కూడా. రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని ఆపాను. "మొల్లాయో." మళ్ళీ అరిచాడు. "మొల్లాయో." మూడోసారికి గ్లవుజు తీసి నేలకేసి కొట్టి, సుద్దతో ఇనప రేకు మీద బొమ్మ గీశాడు. చీపురు. లోపలున్న చీపురు పట్టుకురమ్మన్నాడు, అంతే. యార్డంతా పగలబడి నవ్వింది. ఉన్న రెండేళ్ళూ నా పేరు మొల్లాయోనే. ఇన్ని వందల సార్లు అన్నానే, వాటిలో ఏది నన్ను బతికించిందో, అసలేదైనా బతికించిందో లేదో చెప్పలేను. బయటే నిలబడిపోయినవాడికి అది తెలిసే దారి లేదు.

ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. ఆయన బాగోగులు అడిగేవారు కాదు. "అన్నావా?" "అన్నానండి." "నవ్వారా?" "నవ్వారండి." "నవ్వనీ" అని పెట్టేసేవారు. ఒక ఆదివారం పిన్ని ఎత్తింది. బుధవారమే పోయారంది.

తిరిగొచ్చాక పిన్నిని చూడటానికి వెళ్ళాను. అరుగు ఖాళీగా ఉంది. పిన్ని ఎదురుగా కూర్చుని, ఆయన్ని ఏనాడూ అడగలేకపోయిన మాట నన్ను అడిగింది. "ఆ గ్యాసు పీల్చినవాడికి తెలుస్తుందా శీనూ, పోతున్నానని?"

లేదు పిన్నీ, నిద్రపట్టినట్టే ఉంటుంది అనాలి. ఎవరైనా అదే అంటారు. మాట గొంతు దాకా వచ్చింది.

"తెలియదండి" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. నవ్వించడానికి నా దగ్గర ఈ రోజుకీ బోలెడు మాటలున్నాయి. ఓదార్చడానికి అందరి దగ్గరా ఉండే ఆ చిన్న అబద్ధం మాత్రం లేదు. దాన్ని ఆయన తీసేసుకుని వెళ్ళారు. ఆ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా, ఆ అబద్ధం ఆవిడకి బాకీ ఉన్నానేమో అనిపిస్తుంది. అయినా అడుగు ఆగదు, తల ఎత్తి ఆ గుమ్మం వైపు చూడలేను.