తడి గోడ మీది మొఖం

నా చిన్నప్పుడు లక్సెట్టిపేటలో మా ఇంటి తానాల గది గోడకు ఒక ఆడమనిషి మొఖం ఉండేది. కళ్ళు, ముక్కు, భుజాల దాకా జారిన జుట్టు. లోపలికి పోతే ఆ కళ్ళు నా వెంట తిరిగేవి. ఒకసారి నన్ను పేరు పెట్టి పిలిచింది కూడా. సరే, పిలవలే. కళ్ళు తిరిగినయో లేదో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను. మొఖం మాత్రం ఉండె, ఒట్టు. వానలు పట్టుకున్నంక సున్నపు గోడ మీద నల్లగా పొడిచిన బూజు అది.

అది మా నాయిన తమ్ముడు చిన్నబాపు మొదటి భార్యేనని ఇంట్లో అందరం అనుకున్నం. ఆమె జ్వరంతో పోయి ఏడాది కూడా కాలే. ఆ తర్వాత కాపురానికి వచ్చిన కొత్త చిన్నమ్మ, పోయిన అక్కను శాంతపరచాలని రోజూ పొద్దున్నే చెంబెడు పసుపు నీళ్ళతో ఆ మొఖం కడిగి బొట్టు పెట్టేది. అది బయటికి రావద్దని మా అమ్మ పైనున్న చిన్న కిటికీని గోనెసంచితో మూసింది. కడిగినకొద్దీ మొఖం పెరిగింది. జుట్టు నేల దాకా దిగింది.

ఒక మధ్యాహ్నం చిన్నమ్మ బట్టల మూట కట్టుకుని వాకిట్లో కూచుంది. "మా తల్లిగారింటికి పోత అత్తమ్మా. గామె నన్ను ఉండనియ్యది." చిన్నబాపు గుంజకు ఆనుకుని నిలబడ్డడు. రెండోసారి కూడా ఇల్లు ఖాళీ అయితుందని ఆయన మొఖంలోనే కనబడుతుండె.

మా నాయినమ్మ దయ్యం లేదు గియ్యం లేదు అనలే. లోపలికి పోయి గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డది. "అయ్యో బిడ్డా, గింత నానిపోయినవా?" అని ఆ మొఖాన్నే అడిగింది. బయటికి వచ్చి చిన్నమ్మ పక్కన కూచుంది.

"దానికి కోపం లేదే పిల్లా, సలి పెడుతుంది. పొద్దున లేస్తె నీళ్ళు పోస్తరు, గాలి ఆడనియ్యరు. జర ఆరనియ్యి. ఆరినంక గూడ ఉంటే నేనే బండి కట్టిచ్చి పంపుత."

నాయినమ్మ కిటికీకున్న గోనె తీసేసింది. మా తానాలు పెరట్లో తడిక చాటుకు మారినయి. నేల బండల సందుల్లో పాత సున్నం గీకిస్తే నల్లటి నీళ్ళు ఊరినయి. అందులోంచి మూరెడు వెంట్రుక వచ్చిందని బడిలో అందరికీ చెప్పిన. అది చీపురు పీచు. నీళ్ళు తూముకు పోకుండ గోడ కిందికే పోతున్నయని అప్పుడు తెలిసింది. నాయినమ్మ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి నూరించి సందులన్నీ నింపించింది. బండలను తూము వైపు వాలుగా వేయించింది.

గోడ ఆరినకొద్దీ మొఖం పొడిపొడిగా రాలింది. ముందు జుట్టు పోయింది, తర్వాత ముక్కు. కళ్ళు మాత్రం చాన్నాళ్ళు ఉన్నయి. ఆ రోజుల్లో ఆ గదిలోకి ఎవరం ఒంటరిగా పోలే. చివరికి సున్నం వేసేనాడు చిన్నమ్మే కుంచె పట్టింది. ఆ కళ్ళ ముందర కుంచె ఎత్తి, "అక్కా, ఇగ నేనుంట" అని మెల్లగా తెల్లసున్నం రాసింది. చిన్నబాపు ఆమె బట్టల మూట విప్పి చీరలు దండెం మీద వేసిండు.

ఇప్పుడు నా కొడుకింట్లో టైల్స్ బాత్‌రూం. తానం చేసినంక గోడలు పొడిగుడ్డతో తుడిచి, కిటికీ తెరిచి వస్త. ముసలాయన చాదస్తమని నవ్వుకుంటరు. కానీ ఎవరన్నా భయపడి నా దగ్గరికొస్తే, అక్కడేం లేదని నేను ఇప్పటికీ అనను. ముందు వాళ్ళతోపాటు పోయి చెయ్యి పెట్టి చూస్త, తడి ఎక్కడిదో.