సాక్షి గదిలో టకటక

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, మామిడికాయల లారీలు రోడ్లన్నీ ఆక్రమించే నెలల్లో, నన్ను పాకాల నుంచి చిత్తూరుకు బదిలీ చేశారు. హోదా మారలేదు. స్టెనోగ్రాఫర్‌గా వెళ్లాను, కొన్నేళ్లకు స్టెనోగ్రాఫర్‌గానే పదవీ విరమణ చేశాను. ఏ కోర్టు అన్నది ఇక్కడ అనవసరం.

మా పని సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. సాక్షి బోనెక్కి చెప్పింది ఉన్నదున్నట్టు కాగితం మీదికి రాదు. సాక్షి చెబుతుంది, మేజిస్ట్రేటు విని దాన్ని ఒక వాక్యంగా కూర్చి మాకు చెబుతారు, మేము టైపు కొడతాం. చివరికి దాన్ని సాక్షికి చదివి వినిపించి సంతకం తీసుకుంటాం. దాన్నే వాంగ్మూలం అంటారు. పైకోర్టుల వాళ్లు సాక్షి ముఖం చూడరు. మేము కొట్టిన కాగితమే చూస్తారు. అందులో ఒక్క అక్షరం జారినా అర్థం జారిపోతుంది.

నేను వెళ్లేసరికి ఆ కోర్టులో కొత్తగా సాక్షుల కోసం వేరే గది ఏర్పాటు చేసి ఉంది. బెదిరింపులున్నవాళ్లు, బెదిరిపోయినవాళ్లు ముద్దాయి ముఖం చూడకుండా చెప్పుకోవడానికి అది. మధ్యలో తెర, మెత్తటి కుర్చీ, తక్కువ వెలుతురు. ఆలోచన మంచిదే. దాన్ని ఆలోచించినవారు సామాను కొనే పని మాత్రం సెంట్రల్ నాజరుకు వదిలేశారు.

నాజరు అంటే కోర్టు సామాన్లకు, సమన్లకు బాధ్యుడైన ఉద్యోగి. మా నాజరు పేరు నాగభూషణం. ఏ వస్తువునైనా బరువును బట్టి, మెరుపును బట్టి అంచనా వేసే మనిషి. పాత కీబోర్డులన్నీ పనికిరానివని రాయించి, లారీకెక్కించి పంపేసి, వాటి స్థానంలో మెకానికల్ కీబోర్డులు తెప్పించాడు. మామూలు కీబోర్డులో కీలన్నిటి కిందా ఒకే రబ్బరు పొర ఉంటుంది. మెకానికల్‌లో ఒక్కో కీ కింద ఒక్కో స్విచ్చి, దానికో స్ప్రింగు. నాగభూషణానికి ఇదంతా తెలియదు. మెకానికల్ అన్న మాటలో ఇనుము వినిపించింది, అంతే. వాటిలోనూ నీలం స్విచ్చులవి ఎంచుకున్నాడు. ఆ రకం ఎంత మెల్లగా నొక్కినా టక్కుమంటుంది, ఎందుకంటే టక్కుమనడానికే దాన్ని తయారు చేశారు. పైగా కీల కింద దీపాలు. ఎరుపు, పచ్చ, ఊదా రంగులు ఈ చివర నుంచి ఆ చివరకు అలల్లా పరుగెత్తుతుంటాయి. పెళ్లి పందిరికి సరిపోయే సరంజామాను న్యాయస్థానంలో పెట్టి, గోడకు ఆనుకుని నిలబడి, "ఎట్లుండాది మేడమ్?" అని అడిగాడు.

"ఎవరి పెళ్లి?" అన్నాను.

అతనికి అది మెప్పులా వినిపించింది.

ఆ గదిలో నాకు వచ్చిన మొదటి పెద్ద కేసు పూతలపట్టు దారిలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీది. మునెమ్మ అనే కార్మికురాలు మిషను శుభ్రం చేస్తుండగా మేస్త్రీతో మాటా మాటా పెరిగింది. ఆమె చెయ్యి లోపల ఉండగానే మిషను తిరిగింది. వేళ్లు పోయాయి. మిషను దానంతట అదే తిరిగిందని మేస్త్రీ వాదన. అతనే తిప్పాడని చూసిన మనిషి ఒక్కతే, పక్కన తొక్కలు ఎత్తుతున్న కాంతమ్మ. ఆమె ఇంటికి మేస్త్రీ మనుషులు రెండుమూడు సార్లు వచ్చి, టీ తాగి, పిల్లల పేర్లు అడిగి వెళ్లారట. అందుకే ఆమెకు ఈ గది ఇచ్చారు.

కాంతమ్మ వచ్చి కూర్చుంది. గొంతు చిన్నది. పబ్లిక్ ప్రాసిక్యూటరు ఆమె పేరు, ఊరు అడిగినంతవరకు బాగానే చెప్పింది. ఆ రోజు ఏం జరిగిందన్నాక, "మునెమ్మ చెయ్యి లోపల పెట్టుండాది..." అంది. మేజిస్ట్రేటు గారు ఆ వాక్యం చెప్పారు, నేను కొట్టాను. టక టక టక. కాంతమ్మ ఆగిపోయింది. తెర మీద నా కీబోర్డు రంగులు పాకుతుంటే వాటినే చూస్తూ కూర్చుంది.

"చెప్పమ్మా, తర్వాత?" అన్నారు మేజిస్ట్రేటు గారు. వయసులో నాకన్నా బాగా చిన్న ఆవిడ, ఓపిక మాత్రం పెద్దది.

కాంతమ్మ మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ టకటక. మళ్లీ ఆగింది. నేను వేళ్లు ఎంత తేలిక చేసినా లాభం లేదు. దీపాలు ఆపడానికి ఒక మీట ఉంది. నొక్కితే అలలు పోయి మెరుపులు వచ్చాయి.

"ఏమైంది కాంతమ్మా?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు.

"నేనొక మాట సెప్తానే అది టక్కుమంటాదమ్మా. ఆ పొద్దు మిషను స్విచ్చి గూడా అట్లే అన్నింది. నా నోట్లో మాట ఆడే నిలిసిపోతాంది."

అవతలి వైపు నుంచి ముద్దాయి వకీలు లేచాడు. నల్లకోటులో జీవితమంతా గడిపినా ఎదుటి మనిషి భయాన్ని అబద్ధంగా తప్ప చూడలేని రకం. సాక్షికి నిజం తెలియదు కనుకే మాట రావడం లేదని, ఆ మౌనాన్ని రికార్డు చేయాలని కోరాడు. మేజిస్ట్రేటు గారు అది రికార్డు చేయలేదు. ఆ రోజుకు సాక్ష్యం ఆపి వాయిదా వేశారు. బయటికొస్తూ వకీలు తన జూనియరుతో, వచ్చే వాయిదాకు ఈవిడ అడ్డం తిరుగుతుంది చూడు అన్నాడు. మాకు వినిపించాలనే అన్నాడు.

షార్ట్‌హ్యాండులో రాసుకుని తర్వాత కొట్టొచ్చు కదా అని అడుగుతారేమో. ఆ గదిలో వాంగ్మూలం సాక్షి కళ్లెదుటే తయారై అక్కడే సంతకం కావాలని ఆదేశం. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకోవడానికి వకీలు సిద్ధంగా ఉన్నాడు.

నాగభూషణం దగ్గరికి వెళ్లి పాత కీబోర్డు ఒకటి ఇప్పించమన్నాను.

"పాతయి యాడుండాయి మేడమ్? అన్నీ కండెమ్ చేసి పంపేస్తిమి గదా."

వెతకగా రికార్డు గదిలో ఒకటి దొరికింది. దానికి స్పేస్ బార్ లేదు. తెలుగు వాక్యాన్ని ఖాళీలు లేకుండా కొట్టడం నాకింకా చేతకాదని అక్కడే వదిలేశాను.

"సౌండ్ రాకుంటే పని జరగతాందని ఎట్లా తెలస్తాది మేడమ్?" అన్నాడు వెనక నుంచి. ఒక ఆఫీసు మొత్తం ఎలా నడుస్తుందో ఒక్క వాక్యంలో చెప్పినందుకు అతనికి కృతజ్ఞురాలిని.

ఇంట్లోని మామూలు కీబోర్డును నాగభూషణం కంటపడకుండా తీసుకెళ్లి చూశాను. శబ్దం తక్కువే. కానీ కీని అడుగుకంటా నొక్కితే గానీ అక్షరం పడదు. ముప్పై ఏళ్లు కొట్టిన వేళ్లు నావి, సాయంత్రానికి కణుపులు వాచాయి. అక్షరాలు నా వేళ్లకు తెలుసు గానీ అంకెలు చూసే కొడతాను, ఆ మసక గదిలో అంకెల వరుస కనబడలేదు. సాక్ష్యంగా దాఖలైన వస్తువుకిచ్చే ఎగ్జిబిట్ నంబరు తప్పు పడితే కొంప మునుగుతుంది. పొడవు కూడా ఎక్కువై, మౌసుకు చోటు లేక బల్ల అంచున వేలాడింది. అంటే నాకు కావలసింది చిన్నది, లోపల దీపం ఉన్నది, తేలిగ్గా నొక్కితే అక్షరం పడేది, శబ్దం లేనిది. ఆదివారం తిరుపతి వెళ్లాను.

అక్కడ కంప్యూటర్ సామాన్ల దుకాణంలో కుర్రకారు పోగై ఉన్నారు. దుకాణదారు ఉత్సాహంగా అన్నిటికంటే చిన్న కీబోర్డు తీసి ముందు పెట్టాడు. బాణం గుర్తుల కీలు కూడా లేవు. అరచేతి వెడల్పు స్థలం మిగల్చడానికి కీలను తీసేసి, వాటి పనులన్నీ మిగతా కీల నెత్తిన రుద్దారు. పరీక్షకని తెలుగు పెట్టి "కొట్టినాడు" అని కొట్టాను. తెర మీద "కట్టినాడు" అని పడింది. ప్రభుత్వ తెలుగు కీబోర్డు అమరికలో ఒ, దాని గుణింతం ఎడమ పైమూల కీలో ఉంటాయి. ఈ బుల్లి కీబోర్డులో ఆ మూలను ఎస్కేప్ కీ ఆక్రమించింది. ఒకారం కావాలంటే ఇంకో కీ కలిపి నొక్కాలట. కొట్టినవాడు కట్టినవాడైతే శిక్ష పడాల్సిన మనిషికి సన్మానం చేయాల్సి వస్తుంది.

దుకాణదారు నవ్వాడు. "ఇప్పుడు తెలుగులో ఎవురు కొడతారు మేడమ్?"

"కొట్టేవాళ్లు కొడతానే ఉండారు నాయనా. అందుకే కోర్టులుండాయి," అన్నాను.

చివరికి దానికంటే ఒక వరుస ఎక్కువున్నది దొరికింది. ఒ ఉండాల్సిన చోటే ఉంది, బాణాలున్నాయి. స్విచ్చులను టంకం విప్పకుండా పీకి మార్చుకోవచ్చు. దీపం రంగు, వెలుగు మన ఇష్టం. లోపల చిన్న రబ్బరు దిండ్లున్న నిశ్శబ్దపు స్విచ్చులు విడిగా కొన్నాను.

ఎలా మార్చాలో తెలుసుకోవడానికి వీడియోలు చూశాను. అది వేరే లోకం. ఒకతను కీబోర్డును మైకు దగ్గర పెట్టి, ఒక్కొక్క కీ నొక్కుతూ, సంగీత కచేరీలో కూర్చున్నట్టు కళ్లు మూసుకుంటాడు. ఇంకొకతను స్ప్రింగులకు నెయ్యి రాసినట్టు గ్రీజు రాస్తూ గంటసేపు మాట్లాడతాడు. ఇంత తపస్సు చేసినవాళ్లు ఆ కీబోర్డు మీద ఏం రాస్తారో ఒక్కరూ చూపించలేదు. అయినా వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను, కాదనను.

ఇంట్లో భోజనాల బల్ల మీద పాత చీర పరిచి పని మొదలుపెట్టాను. మా ఆయన రిటైర్డ్ డ్రాయింగు మాస్టరు. కీల మూతలు కుప్ప పోయడం చూసి, "రహీమా, ఇది ఆఫీసు పనా, ఆపరేషనా?" అన్నారు. స్విచ్చులన్నీ మార్చాను. స్పేస్ బార్, షిఫ్ట్ లాంటి పెద్ద కీలు ఒక సన్నటి తీగ మీద నిలుస్తాయి, అది గలగలలాడుతుంది. దానికి గ్రీజు పట్టించాను. కీబోర్డు డబ్బా లోపల అడుగున స్పాంజి ముక్క కత్తిరించి పరిచాను. దీపాన్ని ఒక్క తెలుపుకు మార్చి, కనబడీ కనబడనంతకు తగ్గించాను. అంతా అయ్యాక మా ఆయన్ను పక్క గదిలో కూర్చోబెట్టి ఒక పేజీ కొట్టాను.

"ఎప్పుడు మొదలుపెడతావు?" అని కేకేశారు. అప్పటికి పేజీ అయిపోయింది.

సోమవారం నాగభూషణం దాన్ని గుమ్మంలోనే ఆపాడు. సొంత వస్తువును కోర్టు కంప్యూటరుకు తగిలించడం నిబంధనలకు విరుద్ధమట. నిబంధన నిజమే. రంగుల అలలకు అడ్డురాని నిబంధన దీనికి అడ్డొచ్చింది. మేజిస్ట్రేటు గారు పిలిపించి, తన కళ్ల ముందు కొట్టించుకుని చూసి, పరీక్షించి వాడుకోవచ్చని అనుమతి రాసిచ్చారు.

వాయిదా రోజు కాంతమ్మ వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. కూర్చోగానే నా బల్ల వైపు చూసింది. సాక్షితో మాట్లాడటం మా పని కాదు. ఊరికే ఒక పంక్తి కొట్టి ఆగాను. ఆమె చెవి పెట్టి విన్నది. భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"ఆ పొద్దు ఏమి జరిగిందమ్మా?" అని అడిగారు పబ్లిక్ ప్రాసిక్యూటరు.

"మునెమ్మ చెయ్యి లోపలుండాది. ఆదివారం గూడా రమ్మంటే ఎట్లా వస్తానని అన్నింది. మేస్త్రీ తిట్టినాడు. రాకుంటే సూడు అన్నాడు. ఆయప్ప మిషను దగ్గిరికి పొయ్యి, మునెమ్మను సూస్తానే స్విచ్చి ఒత్తినాడు. చెయ్యి లోపలుండాదని ఆయప్పకు తెలుసు. నేను అరిసినాను గూడా."

మధ్యలో ఎక్కడా ఆగలేదు. మేజిస్ట్రేటు గారు వాక్యం తర్వాత వాక్యం చెబుతుంటే నేను కొట్టుకుంటూ పోయాను. "ఒత్తినాడు" అన్న మాటను ఒత్తినాడు అనే పెట్టమన్నారు.

వకీలు లేచాడు. స్టెనో అసలు కొడుతున్నారా, కూర్చుని చూస్తున్నారా, తనకు అనుమానంగా ఉందన్నాడు. పైగా కోర్టు రికార్డును ఎవరి సొంత ఆటబొమ్మ మీదో తయారు చేయడం ఏమిటన్నాడు. మేజిస్ట్రేటు గారు నా వైపు తిరిగారు. కొట్టినంతవరకు చదవమని నాకు చెప్పారు. చదివాను. కాంతమ్మ ఒక్కొక్క మాటకూ తల ఊపింది.

"అంతేనా కాంతమ్మా?"

"అంతేనమ్మా. నేను సెప్పిందే ఉండాది."

వకీలు అడ్డ ప్రశ్నలు మధ్యాహ్నం దాకా సాగాయి. మునెమ్మ నీకు చుట్టమా, మేస్త్రీ నీ కూలి కోసినాడా, ఎవరు చెప్పమన్నారు. కాంతమ్మ తడబడిన చోట్లున్నాయి. తారీకు చెప్పలేకపోయింది, మిషను రంగు తప్పు చెప్పింది. అవీ ఉన్నవున్నట్టే కొట్టాను. స్విచ్చి దగ్గర మాత్రం ఆమె జరగలేదు.

ఆ ఏడాది చివర్లో తీర్పు వచ్చింది. మేస్త్రీకి శిక్ష పడింది. అప్పీలులో శిక్షాకాలం తగ్గింది గాని నేరం చేశాడన్న నిర్ధారణ నిలిచింది. మునెమ్మ వేళ్లు ఎలాగూ రావు. కాంతమ్మను ఫ్యాక్టరీలో మళ్లీ పెట్టుకోలేదు, ఆమె పాకాల దగ్గర ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పోసే పనికి కుదిరిందని తర్వాత విన్నాను. కీబోర్డు ఆ కేసును గెలిపించిందని అంటే నేను ఒప్పుకోను. గెలిపించింది కాంతమ్మ. అడ్డు తొలగించడం వరకే మా పని.

నాగభూషణం కూడా పాఠం నేర్చుకున్నాడు, తనకు చేతనైనట్టు. మరుసటి కొనుగోలులో నిశ్శబ్దపు కీబోర్డులే తెప్పించి అధికారుల ఛాంబర్లలో పెట్టించాడు. అక్కడ ఎవరూ టైపు చేయరు. ఆ ఛాంబర్లు నిశ్శబ్దంగానే ఉన్నాయి కనుక తన ఎంపిక విజయవంతమైందని చెప్పుకున్నాడు. టైపిస్టుల హాలులో పాత టకటకలు నేను రిటైరయ్యేదాకా సాగాయి.

ఈ వ్యవహారంలో నాకు తెలిసింది ఇంతే. ఆఫీసులో ఒక వస్తువును సాధారణంగా దాన్ని వాడనివాళ్లు ఎంచుకుంటారు. వాడేవాళ్లు సణుగుతూ అలవాటు పడతారు. దాని వల్ల మాట ఆగిపోయేవాళ్లను ఎవరూ అడగరు. కోర్టులో ఏ సామాను కొనే ముందైనా కొనేవారు ఒకసారి సాక్షి కుర్చీలో కూర్చోవాలి, ఎదురుగా ఆ వస్తువును పని చేయించుకుని చూడాలి. నా సర్వీసులో ఆ కుర్చీలో కూర్చుని చూసిన నాజరును నేను చూడలేదు.