నిమ్మళంగ తెర్చుకునే లాప్‌టాప్

మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దుగాల చనిపోయింది. ఫోన్ జేసింది పక్కింటి కిరాణ దుకాణం చిన్నమ్మ. "మీ పెద్దమ్మ లేస్తలేదు బిడ్డా" అన్నది, గంతే. మిగిలింది ఆటోల కూసున్నంక నాకు నేనే చెప్పుకున్న. హనుమకొండ నుంచి వరంగల్ ఎంత దూరమని? ఆ రోజు మాత్రం తొవ్వ ఒడువలేదు.

భూస్థాపన అయింది, చర్చిల ఆదరణ కూడిక అయింది, వచ్చినోళ్లు పోయిన్రు. ఏడ్వనీకె కూడ ఓపిక లేనంత అలిసిపోయిన. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని చర్చివాళ్లు అడిగిన్రు. దవాఖానల నర్సుగ చేసిన సేవ రాస్తే బాగుంటదన్నరు. నాకేమో ఇద్దరం కలిసి లాప్‌టాప్ కొననీకె తిరిగిన తిరుగుడే యాదికొస్తాంది. ఏమన్న అనుకోండ్రి, అదే రాస్త.

పెదనాయిన ఎన్నడో పోయిండు, పిల్లలు లేరు. ఆయన కొన్న డెస్క్‌టాప్ ముందటి అర్రల ఉండేది, మీద పెద్దమ్మ కుట్టిన పూల గుడ్డ. వాడకట్టుల ఎవలకు హాల్‌టికెట్ కావాలన్నా, రిజల్ట్ చూడాలన్నా, చర్చికి పాటల కాగితాలు ప్రింట్ తియ్యాలన్నా అక్కడికే వచ్చేది. స్విచ్ నొక్కితే అది లేవనీకె ఒక పూట పట్టేది. పెద్దమ్మ స్విచ్ నొక్కి, వచ్చినోళ్లను కూసోబెట్టి, వంటింట్లకు పోయి చాయ పెట్టేది. చాయ తాగుకుంట అత్తాకోడళ్ల కొట్లాటలు, షుగర్లు, బీపీలు అన్నీ మాట్లాడుకున్నంక నిమ్మళంగ తెర మీద బొమ్మ పడేది. నర్సు గదా, ముచ్చట చెప్పుకుంటనే అవతలోళ్ల చెయ్యి వట్టుకొని నాడి చూసేది. ఎంతమందిని "రేపే దవాఖానకు పో" అని తిట్టి పంపిందో.

ఆఖరికి అది ముసలిదైంది. ఫ్యాన్ మొత్తుకునుడు, సైట్లు తెర్చుకోకపోవుడు. ఒకసారి ఎవల పిల్లదో అప్లికేషన్ సగం నింపినంక బందైంది. ఆ పిల్ల ఏడ్సుకుంట నెట్‌సెంటర్‌కు ఉరికింది. ఆ తర్వాత మెల్లమెల్లగ అందరు అటే పోవుడు మొదలువెట్టిన్రు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, ఇంటికి ఎవలు వస్తలేరని చెప్పి, లాప్‌టాప్ కొందాం రమ్మన్నది.

ఇగ నా తిప్పలు మొదలైనయ్. ఆఫీసు నుంచి అలిసి వచ్చి ఆమెను దుకాణాలకు తిప్పేదాన్ని. తెర పెద్దగున్నదా, మీటలు మెత్తగున్నయా అన్నీ చూసేది. ఆఖరికి ఒక్కటే ప్రశ్న: "స్విచ్ నొక్కితే ఎంతసేపట్ల తెర్చుకుంటది?" షాపాయన మురుసుకుంట చిటికె వేసి చూపెట్టేటోడు. పెద్దమ్మ మొఖం చిన్నబోయేది. వద్దులే నాయినా అని లేచేది. ఇంకో దుకాణం, మళ్ల అదే కథ. నా కాళ్లు పీకుతుండె, పానం విసిగిపోయింది. ఒకనాడు హనుమకొండ బస్‌స్టాప్‌ల నిలవడి అడిగేసిన, అసలు నీకు ఏం కావాలె పెద్దమ్మా అని.

"జర నిమ్మళంగ తెర్చుకునేది చూడు బిడ్డా."

నవ్వాల్నో తల కొట్టుకోవాల్నో తెల్వలె. లోకమంత తొందరగ నడిచేది కావాలంటది, ఈమె కుంటిది అడుగుతాంది. అదే మాట ఆమెతోటి అన్న. ఆమె నా మీద కోపానికి రాలె, చీర కొంగుతోటి చెమట తుడుసుకున్నది.

"గంత జల్ది తెర్చుకుంటే నిలవడ్డకాడనే పని జేసుకొని పోతరు. చాయ మరగనీకన్న టైమియ్యాలె గద. పనిమీద వచ్చినోళ్లనే కూసోబెట్టుకోవాలె బిడ్డా, ఊకె వచ్చేటోళ్లు ఎవలున్నరిప్పుడు?"

బస్సు వచ్చింది, ఎక్కినం. తెల్లారి పోయి, తెర పెద్దగున్నది ఒకటి కొనుక్కొచ్చినం. అది కూడ చిటికెల తెర్చుకునేదే. దాన్ని పాత బల్ల మీదనే పెట్టి, అదే పూల గుడ్డ కప్పి, పెద్దమ్మ ఒక కట్టడి పెట్టింది: చాయ తాగంది మూత తియ్యద్దు. ఎంత తొందరున్నోళ్లైనా కూసోవాల్సిందే. అక్క కంప్యూటర్ కరెంటుతోటి కాదు, చాయతోటి నడుస్తదని దుకాణం చిన్నమ్మ ఎగతాళి చేసేది. చేసుకుంటనే రోజు వచ్చేది. మళ్ల కుర్చీలు చాలకపోయేదాక వచ్చిన్రు. అంతకన్న ఆమెకు ఏం కావాలె.

నిన్న బట్టలు సదురనీకె ఆ ఇంటికి పోయిన. చిన్నమ్మ గడపల నిలవడ్డది. ఈ టైంల అడుగొద్దు గని, బిడ్డ హాల్‌టికెట్ వచ్చిందట అన్నది. రమ్మన్న. గుడ్డ తీసి, మూత ఎత్తి, స్విచ్ నొక్కిన. నేను కుర్చీల సక్కగ కూసోకముందే తెర్చుకున్నది.

ఇద్దరం దానివైపు చూసినం. నా చెయ్యి మౌస్ మీదికి పోలె. చిన్నమ్మ వంటింట్లకు పోయింది. చక్కెర ఏ డబ్బల ఉంటదో ఆమెకు ఎరుకే. పొయ్యి వెలిగిన చప్పుడైంది. చాయ మరిగేసరికి తెర దానంతటదే ఆరిపోయింది. నేను మళ్ల వెలిగియ్యలె.